కారైకుడిలో పాత సామాను కొనేముందు ఒక రాత్రి చెట్టియార్ ఇంట్లో ఉండండి

కొత్త ఫ్లాట్‌లో పాతకాలం వస్తువులు పెట్టుకోవాలని ఆశ ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు తమిళనాడులో పాత సామాను బజారున్న కారైకుడి వెళ్ళమని చెప్పే ఉంటారు. నేనూ అదే చెప్తాను, కాకపోతే దిగగానే బజారుకి పరిగెత్తకండి, ముందు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకప్పటి వ్యాపారులైన చెట్టియార్ల పాత ఇంట్లో ఒకట్రెండు రాత్రులు ఉండి, పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం ఆ ఇల్లంతా తిరిగి, ఆ తర్వాత కొనడానికి వెళ్ళండి. హైదరాబాద్ షోరూములో లైట్ల కింద పెట్టిన టేకు స్తంభం చూడటం వేరు, అదే స్తంభం మండువా పక్కన దూలాన్ని మోస్తూ, మీద ఎండ పడుతూ ఉంటే చూడటం వేరు. అది చూశాక కొనాలనుకున్న లిస్టు సగం మారిపోతుంది. మాకు మారింది.

మేం ముగ్గురం, నేను, మావారు, అత్తయ్యగారు. హైదరాబాద్ నుంచి తిరుచ్చికి ఫ్లైట్, అక్కణ్ణుంచి కారైకుడి తొంభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, కారులో రెండు గంటలు. దారిలో తిరుమయం కోట వస్తుంది, ఆగి చూడొచ్చు. చెన్నై నుంచి వచ్చేవాళ్ళకి ఎగ్మోర్‌లో పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఎండాకాలం మాత్రం వద్దు, నవంబర్ చివర్నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది.

బస విషయానికొస్తే కానాడుకాత్తాన్ ఊళ్ళో విశాలం అని ఒకటుంది, ఒక చెట్టియార్ కూతురి కోసం కట్టించిన ఇల్లు, ఇప్పుడు సీజీహెచ్ ఎర్త్ అనే హోటళ్ళ సంస్థ వాళ్ళు హోటల్‌గా నడుపుతున్నారు. డబ్బు ఎక్కువే, కానీ ఇల్లు సర్దడం అంటే ఏంటో నేర్చుకోవాలంటే అంతకంటే మంచి చోటు నేను చూడలేదు, ఎందుకంటే గదిలో వస్తువులు తక్కువ, ఒక మంచం, ఒక కుర్చీ, ఎత్తైన కిటికీ, కింద నేల, అంతే, కళ్ళకి హాయిగా ఉంటుంది. తిండికైతే కారైకుడిలో 'బంగళా' అనే హోటల్, అరిటాకులో వడ్డిస్తారు, రూము అక్కడ తీసుకోకపోయినా ముందే ఫోన్ చేసి మధ్యాహ్నం భోజనానికైనా వెళ్ళండి. కొత్తమంగళంలో శారదా విలాస్ కూడా చాలా శ్రద్ధగా బాగుచేసిన ఇల్లు. ఇవి కాక ఇంకో చోట కూడా ఉన్నాం, పేరు అనవసరం, హెరిటేజ్ అని బోర్డు పెట్టి చెక్కిన గుమ్మానికి ప్లాస్టిక్ పూలదండలు, సున్నపు గోడల మీద ఎనామెల్ పెయింట్, వేడినీళ్ళు పొద్దున తొమ్మిదింటికి. అంత మంచి ఇంటికి అలా జరగడం చూస్తే బాధేసింది. బుక్ చేసేముందు పబ్లిసిటీ ఫొటోలు కాకుండా ఉండొచ్చినవాళ్ళు తీసిన ఫొటోలు చూడండి.

ఇళ్ళ గురించి కాస్త చెప్పాలి. బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీవ్యాపారం చేసి సంపాదించిన నాట్టుకోట్టై చెట్టియార్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్నుంచి 1940ల దాకా ఈ ఇళ్ళు కట్టుకుంటూ పోయారు. ముందు వీధిలో సింహద్వారం, వెనక వీధిలో వంటింటి గుమ్మం, మధ్యలో ఒకదాని వెనక ఒకటి మండువాలు. బర్మా టేకు, ఇటలీ పాలరాయి, గుడ్డు తెల్లసొన కలిపి నున్నగా రుద్దిన సున్నపు గోడలు. గుమ్మం పైన గజలక్ష్మి. అత్తయ్యగారు కోనసీమ మండువా లోగిలిలో పెరిగారు, ఆవిడ లోపలికి అడుగుపెట్టి అటూ ఇటూ చూసి "మా ఇంటికి దీనికి చుట్టరికం ఉందమ్మా, కాకపోతే వీళ్ళది బాగా కలిసొచ్చిన బంధువుల ఇల్లు" అన్నారు. అరుగు మీద కూర్చుని లేవనే లేదు.

1942లో జపాన్ బర్మాని ఆక్రమించాక అక్కడి ఆస్తులు పోవడం మొదలైంది, ఆ తర్వాత పిల్లలు చెన్నైకి, విదేశాలకి వెళ్ళిపోయారు, ఒక్కో ఇంటికి పదులకొద్దీ వాటాదారులు, రిపేరుకి ఎవరూ ముందుకి రారు, చివరికి ఇల్లు విప్పి ముక్కలుగా అమ్మేస్తారు. బజారులో దొరికే తలుపులు, స్తంభాలు చాలామటుకు అలా వచ్చినవే. గిన్నెలు చెంబులు అన్నేసి ఉండటానికి వేరే కారణం ఉంది, పెళ్ళికూతురికి సారెగా ఒక్కో వస్తువు డజన్ల లెక్కన పెట్టేవాళ్ళు, వాడినవి కొన్నే, మిగతావి కొట్టుగదుల్లో దశాబ్దాల పాటు ఉండిపోయాయి.

బజారు మునీశ్వరన్ కోయిల్ వీధిలో. చిన్న చిన్న కొట్లు, లోపలికి వెళ్తే మాత్రం చీకట్లో గుట్టలు గుట్టలు. స్వీడన్, చెకొస్లొవేకియా ఎనామెల్ గిన్నెలు, టిఫిన్ క్యారియర్లు, ఊరగాయ జాడీలు, మన వామనగుంటల పీటలు, మరచెంబులు, గంగాళాలు, దీపపు సెమ్మెలు, ఫ్రేములు కట్టిన దేవుడి పటాలు. బేరం ఆడాల్సిందే, ఎనామెల్ క్యారియర్ మొదట చెప్పిన రేటులో దాదాపు సగానికి వచ్చింది. అన్నీ పాతవి కాదు. పాతగా కనపడటానికి మందు పూసిన ఇత్తడి చాలా ఉంది, అది అన్నిచోట్లా ఒకేలా నల్లగా ఉంటుంది, నిజంగా వాడినదైతే పట్టుకునే చోట అరిగి మెరుస్తుంది, సందుల్లో మాత్రమే నలుపు ఉంటుంది, అడుగు అరిగి ఉంటుంది. ఈ పరీక్షలన్నీ అత్తయ్యగారే చేశారు, చెంబు తిప్పి వేలితో కొట్టి చప్పుడు వినేవారు. ఒక బిందె నాకు తెగ నచ్చింది, మెడ దగ్గర చుక్కలతో తమిళంలో ఒక ఆడపిల్ల పేరు కొట్టించి ఉంది. "ఎవరి సారెలోదో, మనకెందుకమ్మా" అన్నారావిడ. "ఎక్కడో కరిగించేస్తారేమో అత్తయ్యా, మనింట్లో ఉంటే పేరైనా ఉంటుంది కదా" అన్నాను. కాసేపు చేత్తో తడిమి "సరే తీసుకో, నీళ్ళు పోసి వాడాలి మరి, షోకేసులో పెట్టడానికి వీల్లేదు" అన్నారు. ఇప్పుడు వంటింట్లో రోజూ వాడుతున్నాం.

తలుపు కొనలేదు. మావారికి హాల్లో పెద్ద చెక్కడపు తలుపు పెట్టాలని చాలా ఉండేది, కానీ మా ఫ్లాట్ సీలింగ్ తొమ్మిదడుగులు, ఒక కొట్టులో స్తంభాన్ని కింద కోసి "ఏ ఫ్లాట్‌కైనా సరిపోతుందండీ" అని చూపించారు, ఆ కోత చూశాక ఆయనే వద్దన్నారు. గుమ్మాన్ని కాఫీ టేబుల్ చేయడం కూడా నాకు ససేమిరా నచ్చదు. గిరాకీ పెరిగేకొద్దీ ఇళ్ళు విప్పడం పెరుగుతుంది కదా. చిన్నవి కొనండి, ఇంట్లో వాడుకోగలిగేవి కొనండి.

రవివర్మ పటాల గురించి ఒక మాట. బొంబాయిలో 1894లో పెట్టిన ఆయన ప్రెస్ తర్వాత లోనావాలా దగ్గరికి మారింది, అసలు పాత ప్రింటు కింద అంచులో ప్రెస్ పేరు ఉంటుంది, కానీ దాన్ని కూడా కాపీ కొడతారు కాబట్టి చిన్న భూతద్దం తీసుకెళ్ళండి. రాతి అచ్చుది అయితే చుక్కలు చేత్తో పెట్టినట్టు చిందరవందరగా ఉంటాయి, ఇప్పటి ప్రింటు అయితే వరసగా లెక్కపెట్టినట్టు ఒకే రకంగా ఉంటాయి. మేం జరీ అద్దిన ఒక లక్ష్మీదేవి పటం తీసుకున్నాం, ఫ్రేము పగిలి ఉంది, పటం మాత్రం చక్కగా ఉంది.

ఈ ట్రిప్పులో నాకు అన్నిటికంటే నచ్చింది కారైకుడి దగ్గర్లోని ఆత్తంగుడి ఊరు. అక్కడ పాతవి కాదు, ఇప్పుడు చేస్తున్న టైల్స్ కొనాలి. గాజు పలక మీద ఇనప అచ్చు పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు పోసి, అచ్చు చటుక్కున పైకి తీసేసి, వెనక ఇసుక సిమెంటు నింపి, ఎండలో ఆరబెట్టి తర్వాత నీళ్ళ తొట్టిలో నానబెడతారు. బట్టీ లేదు, కాల్చడం లేదు, గాజుకి ఆనుకున్న వైపుకే ఆ నునుపంతా వస్తుంది. పూలు గీసే చెయ్యి వణకదు, మేం ఎంతసేపు నిలబడి చూశామో తెలీదు. పూజగదికి, బాల్కనీకి ఆర్డర్ ఇచ్చాం. మామూలు టైల్ కంటే మందం, మేస్త్రీకి ముందే చెప్పకపోతే గుమ్మం దగ్గర ఎత్తు తేడా వస్తుంది. యాసిడ్ అస్సలు తగలకూడదు, నిమ్మరసం పడినా మరక. నడిచేకొద్దీ మెరుపు వస్తుంది, అప్పుడప్పుడు కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు.

ట్రాన్స్‌పోర్ట్ ఒక్కటే విసిగించింది. చెక్క పెట్టెలో గడ్డి వేసి కట్టించి నిలువుగా పెట్టమని రాయించినా పార్శిల్ సర్వీసు వాళ్ళు పడుకోబెట్టి పంపారు, ఒక జాడీ మూత పగిలింది. జాడీలు చేతిలో తెచ్చుకోండి.

గోడలకి మాత్రం అక్కడేమీ కొనలేదు, మన దగ్గరే ఉన్నారు కదా చేసేవాళ్ళు. చేర్యాల హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు, చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో కథ గీసి ఇస్తారు, మేం మార్కండేయ పురాణం నిలువు పటంగా చెప్పాం. హాల్లో దీపానికి తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట వాళ్ళ తోలు ల్యాంప్‌షేడ్. శ్రీకాళహస్తి కలంకారీ ఎండ తగిలే గోడకి వద్దు, సహజమైన రంగులు వెలిసిపోతాయి, మేం నడవాలో పెట్టాం.

అమెరికా నుంచి వచ్చి కొనుక్కెళ్దామనుకునేవాళ్ళకి: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలు, డెబ్బై ఐదేళ్ళు దాటిన చేతిరాత ప్రతులు మామూలు మనుషులు దేశం దాటించకూడదు. పాతగా కనిపించే వస్తువేదైనా అది ఆ కోవలోకి రాదని భారత పురావస్తు శాఖ (ఏఎస్ఐ) నుంచి సర్టిఫికెట్ తీసుకుని బయల్దేరండి, లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. దేవుడి విగ్రహాలు అయితే ఎంత చవగ్గా ఇస్తామన్నా, ఎక్కడిదో కాగితం చూపించలేకపోతే ముట్టుకోవద్దు, గుళ్ళలోంచి పోయినవి కూడా అమ్మకానికి వస్తుంటాయి, తమిళనాడు పోలీసుల్లో వాటి కోసమే ఒక విభాగం ఉంది.