చైనీస్ కోర్సు రివ్యూ: ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో కూడా నేర్పిన క్లాసు

ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం కోసం చైనీస్ నేర్చుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ రివ్యూ రాస్తున్నాను. సరదాకి నాలుగు మాటలు నేర్చుకోవాలంటే ఇంత ఫీజు కట్టక్కర్లేదు, ఫోన్లో ఏదో ఒక యాప్ సరిపోతుంది.

మాది సూళ్లూరుపేట. శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తూ సాయంత్రం బ్యాచ్‌లో ఆన్‌లైన్‌లో ఈ కోర్సు పూర్తి చేశాను. 2015లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ఇక్కడ షావోమీ ఫోన్లు తయారు చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి మా చుట్టుపక్కల చైనీస్ వచ్చినవాళ్లకి గిరాకీ ఉంది. మెషీన్లు బిగించడానికి ఇంజనీర్లు వస్తారు, మెషీన్ స్క్రీన్ మీద అక్షరాలు చైనీస్‌లో ఉంటాయి, లైన్‌లో మన పిల్లలకి తెలుగు, తమిళం తప్ప రాదు. మధ్యలో నిలబడి ఇటు మాట అటు చేర్చే మనిషికి జీతం బాగానే ఇస్తారు.

కోర్సు వెతుక్కునేటప్పుడు అందరూ మొదట చెప్పేది హెచ్‌ఎస్‌కే లెవెల్, అంటే చైనీస్ ఎంత వచ్చో చూసే పరీక్షలో స్థాయి. మూడో లెవెల్ అంటే 600 మాటలు, నాలుగు అంటే 1,200, ఐదు అంటే 2,500. ఇది చాలాకాలం నడిచిన లెక్క. 2021లో తొమ్మిది లెవెల్స్‌తో కొత్త ప్రమాణం ప్రకటించారు కాబట్టి చేరే ముందు ఏ సిలబస్ చెబుతున్నారో అడగండి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ లెక్క ప్రకారం నడిచిన హెచ్‌ఎస్‌కే పరీక్షలో వినడం, చదవడం, మూడో లెవెల్ నుంచి రాయడం ఉంటాయి. మాట్లాడటం ఉండదు. దానికి హెచ్‌ఎస్‌కేకే అని విడిగా మూడు స్థాయిల పరీక్ష ఉంది. నోరు విప్పకుండానే నాలుగో లెవెల్ సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్లు నాకు తెలుసు. ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి "మీ గురించి చెప్పండి" అనగానే వాళ్ల ముఖంలో టెన్షన్ కనిపించేస్తుంది.

ఈ కోర్సు విలువ అక్కడే తెలిసింది. మా లావ్‌షి (టీచర్‌ని అలాగే పిలవాలి) బీజింగ్‌లో చదువుకుని వచ్చిన తెలుగావిడ. మొదటి వారమే పిన్‌యిన్‌లోని (చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) అక్షరాల్ని ఇంగ్లీషులా చదవొద్దన్నారు. వాళ్లు బి అని రాసేది మన ప, పి అని రాసేది ఒత్తు ఫ. అలాగే డి, టి అంటే త, థ. జి, కె అంటే క, ఖ. ఒత్తులున్న భాష మనది కాబట్టి ఈ తేడా మనకి సులువుగా పట్టుబడాలి. కానీ మనం ఫలం అన్నా పళ్లు పెదవికి ఆనించి ఇంగ్లీషు ఎఫ్ లాగే పలికేస్తున్నాం. అందుకని నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకోమని, ఫ అన్నప్పుడు అది ఎగరాలని, ప అన్నప్పుడు కదలకూడదని కెమెరా ముందు ఒక్కొక్కరి చేతా చేయించారు. తెలుగు తెలిసిన టీచరుకే ఈ కిటుకు తెలుస్తుంది.

టోన్లు (మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు) చేత్తో గీస్తూ నేర్పడం చాలాచోట్ల ఉంది. మొదటి టోన్‌కి చెయ్యి సమంగా, రెండోదానికి పైకి, మూడోదానికి దిగి లేచి, నాలుగోదానికి గొడ్డలి వేటులా కిందికి. అలవాటు అయ్యేదాకా అది మంచిదే. రెండో నెలకి మా లావ్‌షి ఆ చేతులు మాన్పించారు. నెల్లూరు కుర్రాడొకడు చెయ్యి ఆపగానే అదే గీత తలతో గీయడం మొదలుపెట్టాడు. ప్రతి నాలుగో టోన్‌కీ గడ్డం దిగేది. ఆవిడ ఒక పెన్ను రెండు చేతుల్తో పట్టుకుని బల్ల మీద ఆనించమన్నారు, ఎదురుగా ఒక చుక్క చూస్తూ మాట్లాడమన్నారు. మొదట టోన్లు తడబడ్డాయి, కొన్ని క్లాసులకి గొంతు ఒక్కటే ఆ పని చేయడం నేర్చుకుంది. భాష, బాడీ లాంగ్వేజ్ రెండూ ఒకే క్లాసులో నేర్పాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

మాక్ ఇంటర్వ్యూలు ఈ కోర్సులో అన్నిటికంటే మంచి భాగం. రికార్డు చేసి, మొదటిసారి సౌండ్ తీసేసి చూపిస్తారు. ఈ మనిషి ఒప్పుకుంటున్నాడా, భయపడుతున్నాడా, విసుక్కుంటున్నాడా అన్నది మిగతా బ్యాచ్ చెప్పాలి. గూడూరు అమ్మాయిని రాత్రి షిఫ్ట్ చేయగలవా అని అడిగితే "ఖ యి" అని టోన్ తప్పకుండా చెప్పింది, చేయగలను అని. తల మాత్రం మన అలవాటు ప్రకారం అటూ ఇటూ ఆడింది. మనకి అది నిండైన సరే. చైనా మేనేజరుకి అది ఔనో కాదో తెలియదు. "నోరు ఒప్పుకుంది, తల ఒప్పుకుందో లేదో చూసేవాడికి తెలియట్లేదమ్మా" అన్నారు లావ్‌షి. పైనుంచి కిందికి ఒక్కసారి తలూపి ఆపడం మా బ్యాచ్ మొత్తానికి కష్టమైంది. పుట్టినప్పటి నుంచి ఉన్న కదలిక కదా.

అర్థం కాకపోయినా నవ్వుతూ తలూపడం ఇంకో పెద్ద అలవాటు. పెద్దవాళ్ల ముందు మళ్లీ అడగడం మర్యాద కాదని పెరిగాం. ఫ్యాక్టరీలో ఆ ఊపుకి ఒక బ్యాచ్ సరుకు మొత్తం పాడవుతుంది. కొంచెం ముందుకి వంగి, పెన్ను పైకెత్తి "ఛింగ్ నిన్ త్సాయ్ ష్వొ యీ ప్యెన్" అని, ఇంకోసారి చెప్పండి అని అడగడం మా చేత పదేపదే చేయించారు. కాగితాలు, విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వడం, అందుకున్న కార్డుని వెంటనే జేబులో పెట్టేయకుండా చదవడం కూడా ఉన్నాయి గానీ అవి ఎవరైనా చెబుతారు. ఇంటర్‌ప్రెటర్ మేనేజరు పక్కన, కాస్త వెనగ్గా కూర్చోవాలి, "ఆయన ఇలా అంటున్నారు" అనకుండా ఆయన "నేను" అంటే తనూ "నేను" అనే అనువదించాలి. ఇవి నేను వేరే ఎక్కడా వినలేదు.

అంతకుముందు ఇంకో ఊళ్లో ఒక సాఫ్ట్ స్కిల్స్ క్లాసుకి వెళ్లాను. బోర్డు మీద 7, 38, 55 అని రాసి, మాటకి ఏడు శాతమే విలువ, మిగతాదంతా గొంతు, శరీరం అన్నారు. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన లెక్క. విడి మాటలు, గొంతు, ముఖం ఫొటోలు పెట్టి ఇష్టం, అయిష్టం లాంటి భావాలు ఎలా అందుతాయో చూశారు. అన్ని సంభాషణలకీ అది వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పారు. ఇంటర్వ్యూలో మాట రాకపోతే నిటారుగా కూర్చున్నంత మాత్రాన ఉద్యోగం రాదు. ఈ లెక్క చెప్పే చోట డబ్బు కట్టొద్దని నా సలహా.

నంబర్ల క్లాసు గురించి చెప్పాలి. చైనీస్‌లో పదివేలకి వాన్ అని ఒక స్థానం ఉంది. మన లక్ష అంటే పది వాన్, కోటి అంటే వెయ్యి వాన్, పది కోట్లయితే ఒక యీ. ఇంగ్లీషు మిలియన్ల మీదుగా వెళ్తే దారి తప్పుతాం, లక్షల నుంచి నేరుగా వాన్‌లోకి వెళ్లాలి. నా ఇంటర్వ్యూలో నెల ఉత్పత్తి పన్నెండు లక్షల యాభై వేలు అని తెలుగులో చెప్పి చైనీస్‌లో చెప్పమన్నారు. నూట ఇరవై ఐదు వాన్, అంటే "యీ పాయ్ అర్ షి వు వాన్" (ఇక్కడ యీ అంటే ఒకటి, పది కోట్ల యీ కాదు). ఆగకుండా వచ్చేసింది.

తర్వాత తైవాన్ ఇంజనీరు ఒక సంఖ్య చెప్పారు. అక్కడివాళ్లలో చాలామంది షని స లాగా పలుకుతారు, దాంతో పద్నాలుగుకీ (షి సి) నలభైకీ (సి షి) తేడా టోన్లలోనే మిగులుతుంది. నేను రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెట్టి పది, ఆ తర్వాత నాలుగు వేళ్లు చూపించాను. ఆయన తల కిందికి ఊపారు. ఒక చేత్తో ఆరు, ఎనిమిది చూపించడం కూడా క్లాసులోనే నేర్పారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. చైనా పద్ధతిలో బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. లైన్‌లో మెషీన్ల మోతలో ఇప్పుడు రోజూ వాడుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. చేత్తో రాయడం బాగా తక్కువ, అంతా టైపింగే. తైవాన్ కంపెనీల్లో వాడే పాత పూర్తి అక్షరాలు అసలు చెప్పరు. నేను వేరేగా ప్లెకో డిక్షనరీ యాప్ పెట్టుకుని నేర్చుకుంటున్నాను, అది ఉచితంగానే వస్తుంది. కోర్సు అయ్యాక రికార్డింగులు నెలకే తీసేస్తారు, ఇది నాకు నచ్చలేదు. మా బ్యాచ్‌లో పది మందిమి, ఇప్పుడు ఇరవై మంది దాకా తీసుకుంటున్నారట. అలా అయితే ఒక్కొక్కరికి వచ్చే మాక్ ఇంటర్వ్యూలు సగమవుతాయి. ఎన్ని వస్తాయో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఫీజు 24 వేలు, మూడు వాయిదాల్లో కట్టొచ్చు. నాకు గిట్టుబాటయింది. వేరే కోర్సులు చూసేవాళ్లు ఒకటి గమనించండి. ప్రాక్టీసుకి వీచాట్ గ్రూపు ఉందని చెబితే నమ్మొద్దు, 2020 జూన్‌లో మన దేశంలో నిషేధించిన యాప్‌లలో అదీ ఉంది. డెమో క్లాసులో టీచర్ మీ చేత ఎంతసేపు మాట్లాడించారో, కెమెరా ఆన్ చేయమన్నారో లేదో చూడండి. ఈ కోర్సు డెమోలో మొదటి పది నిమిషాలకే నా పేరు, ఊరు చైనీస్‌లో చెప్పించారు. కుర్చీలో వెనక్కి జారబడకుండా కూర్చోమని కూడా అప్పుడే చెప్పారు.