ఊడిన పళ్లకు వైద్యం: కడపలో ఒక దంత వైద్యశాల

కడప ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఈ దంత వైద్యశాలలో మా నాన్నగారికి కింది దవడలో ఊడిపోయిన పళ్లకు చికిత్స చేయించాము. డాక్టరుగారు ముందుగా దవడ మొత్తానికి ఎక్స్‌రే తీయించి, ఖాళీ వైపుకు ఒరిగిన పక్క పన్నునూ, ఆనిక లేక కిందికి దిగిన పై పన్నునూ అద్దంలో నాన్నగారికే చూపించి, పన్ను పోయిన చోట ఎముక కూడా క్రమంగా తరిగిపోతుందని ఓపికగా వివరించారు. షుగరు ఉందని తెలిసి, గత రెండు మూడు నెలల సగటు షుగరును తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష ఫలితం చూశాకే ఇంప్లాంటు (దవడ ఎముకలో మర బిగించి దానిపై కృత్రిమ పన్ను అమర్చడం) మాట ఎత్తారు.

బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంగా ఖాళీలో బిగించే కృత్రిమ పన్ను) వేయాలంటే ఇరుపక్కలా ఉన్న మంచి పళ్లను అరగదీయవలసి వస్తుందని, ఇంప్లాంటు అయితే టైటానియం మర ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుందని, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు చవకే అయినా నమిలే బలం తక్కువని చెప్పి, నిర్ణయాన్ని మాకే వదిలారు. ఏ ఒక్కదానికీ తొందరపెట్టని ఈ పద్ధతే నాకు అన్నిటికన్నా నచ్చింది. నాన్నగారు ఇంప్లాంటుకే మొగ్గారు. ఇప్పుడు జొన్నరొట్టెను ఆ వైపునే నములుతున్నారు.

ఖర్చు వివరాలను మాత్రం అడిగి కాగితం మీద రాయించుకోవాలి. సాయంత్రం రద్దీ ఎక్కువ కనుక పల్లెల నుంచి వచ్చేవారు ఉదయమే రావడం మేలు.