డాడ్స్, నూన్, లూయిస్: ఏళ్ల తరబడి విన్నాక పాత జాజ్ క్లారినెట్‌పై నా మాట

ముందే చెప్పేస్తాను. పాత జాజ్ క్లారినెట్ కోసం ఒక్క సెట్టే కొనగలిగితే ట్రంపెట్, కార్నెట్ (పొట్టి ట్రంపెట్) విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన రికార్డులు కొనండి. 1925 నుంచి షికాగోలో చేసినవి. లోకమంతా వాటిని ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం కొంటుంది. నేను వాటిలో క్లారినెట్ వాయించిన జానీ డాడ్స్ కోసం కొన్నాను, ఇప్పటికీ అతని కోసమే పెట్టుకుంటాను. 1928లో చేసిన వాటిలో మాత్రం అతను లేడు. అవి గొప్పవే, కానీ క్లారినెట్‌వాళ్లకు అక్కడ పెద్దగా పనిలేదు.

నాది బ్యాండు మేళం చెవి. నాన్న గోదావరి జిల్లా పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించేవారు, నేను మొదట పట్టిందీ ఆయన వాద్యమే. దానిది పాతకాలపు మీటల అమరిక. హ్యూస్టన్ వచ్చి ఇక్కడి సరదా జాజ్ బృందంలో చేరాక తెలిసిందేమిటంటే, జాజ్ పుట్టిన న్యూ ఆర్లిన్స్ నుంచి వచ్చిన డాడ్స్‌లాంటి పెద్దలు వాయించినదీ ఆ తరహాదే. ఆల్బర్ట్ సిస్టమ్ అంటారు. ఇప్పుడు అంతటా కనిపించే బోమ్ క్లారినెట్‌లో చిల్లుల చుట్టూ రింగులు, ఒకదానితో ఒకటి ముడిపడ్డ మీటలు ఎక్కువ. పాతదాంట్లో ఆ గొడవ తక్కువ. వేలు మెల్లగా జరిపితే స్వరం జారు పలుకుతుంది. గమకం తెలిసిన చెవికి డాడ్స్ వెంటనే అందడానికి కారణం ఇదే అనుకుంటాను.

డాడ్స్ మంద్రస్థాయి మోటుగా, వెడల్పుగా ఉంటుంది. పైకెళ్తే గొంతు చించుకుంటాడు, ఒక్కోసారి శృతి కూడా కాస్త పైకి పోతుంది. నాకేం అభ్యంతరం లేదు. 1927 నాటి పొటాటో హెడ్ బ్లూస్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆగి ఆగి వాయించే భాగం గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. దానికి ముందే డాడ్స్ సోలో ఉంది, దాన్ని మళ్లీ వినండి. సోలో కన్నా నేను ఎక్కువ నేర్చుకున్నది అందరూ కలిసి వాయించే చోట. కార్నెట్ పాట పట్టుకుంటుంది, ట్రాంబోన్ కింద కూర్చుంటుంది, ఆ రెంటి మధ్యా, పైనా ఖాళీలు వెతుక్కుంటూ క్లారినెట్ తిరుగుతుంది. ఎక్కడ వాయించకూడదో తెలియనివాడు అక్కడ రెండు నిమిషాలు కూడా నిలవలేడు.

కార్నెట్ వాద్యకారుడు కింగ్ ఆలివర్ బృందంలో డాడ్స్ 1923లో జెనెట్ అనే రికార్డుల కంపెనీకి చేసినవి ఇంకా పాతవి. ఇండియానాలో రిచ్‌మండ్ అనే ఊరు, పక్కనే రైలు పట్టాలు, మైకు లేదు. పెద్ద గొట్టం ముందు నిలబడి అందరూ వాయించేవారు. ఆ పద్ధతికి పెద్ద డ్రమ్ము దెబ్బ సరిపడదు, అందుకే జానీ తమ్ముడు బేబీ డాడ్స్ చెక్క ముక్కల మీద తాళం వేసుకోవాల్సి వచ్చింది. క్లారినెట్ మాత్రం ఆ గొట్టంలోకి చక్కగా దూరింది. ఈ రికార్డులు విని ఆనాటి బ్యాండు ఇలాగే మోగేదనుకుంటే మన వాద్యానికి లేని పెద్దరికం ఇచ్చినట్టే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రికార్డుల బరబర శబ్దం పూర్తిగా తీసేశామని గొప్ప చెప్పుకొనే కాపీలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. శబ్దంతోపాటు రీడు (నోట పెట్టుకునే పలుచని బద్ద) గరగర, ఊపిరి కూడా పోయాయి. పాత రికార్డుల శబ్దాన్ని బాగుచేసే ఇంజనీరు జాన్ ఆర్. టి. డేవిస్ చేత్తో శుభ్రం చేసినవి దొరికితే అవే తీసుకోండి, కాస్త చప్పుడున్నా మనిషి వినిపిస్తాడు.

మరో క్లారినెట్ విద్వాంసుడు జిమ్మీ నూన్‌ది వేరే దారి. 1928లో ఎపెక్స్ క్లబ్ బృందంతో చేసిన రికార్డుల్లో కార్నెట్టే లేదు. డాక్ పోస్టన్ ఆల్టో సాక్సఫోన్ పాట మోస్తే నూన్ దాని చుట్టూ అల్లుతాడు, వెనక ఎర్ల్ హైన్స్ పియానో. షికాగోలో ఫ్రాంజ్ షెప్ అనే గురువు దగ్గర నేర్చినవాడు, తర్వాతి తరం పేరుమోసిన క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్‌కీ ఆయనే గురువు. ఆ సాధన ప్రతి స్వరంలోనూ తెలుస్తుంది. కింది నుంచి పైదాకా ఒకటే నాదం. సాధనకు ఇతనే మేలు. వరసగా అరగంట వింటే మాత్రం పోస్టన్ సాక్సఫోన్ నాకు విసుగు తెప్పిస్తుంది.

న్యూ ఆర్లిన్స్ క్లారినెట్ విద్వాంసుడు జార్జ్ లూయిస్ విషయంలో నా తీర్పు నిష్పాక్షికం కాదు. రేవులో కూలిపని చేసుకుంటూ వాయించినవాడు. 1944లో ఆ పనిలోనే ఛాతీకి దెబ్బ తగిలి ఇంట్లో కోలుకుంటుంటే, పాత జాజ్‌ను రికార్డు చేసి భద్రపరిచిన బిల్ రస్సెల్ రికార్డింగు మిషను అక్కడికే తెచ్చాడు. బ్యాంజో, బాస్ తోడుగా బర్గండీ స్ట్రీట్ బ్లూస్ అలా పుట్టింది. అందులో వేగం లేదు, విద్వత్తు ప్రదర్శన లేదు. ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతూ ఆలాపనలా పెరుగుతుంది. మా బృందంలో దీన్ని సులువనుకుని ఎత్తుకున్నవాళ్లంతా మధ్యలో ఊపిరి చాలక ఆగారు, నాతో సహా.

ప్రత్యక్షంగా వినాలంటే న్యూ ఆర్లిన్స్‌లోని ప్రిజర్వేషన్ హాల్ అనే కచేరీ గది. 1961 నుంచి నడుస్తోంది, లూయిస్ కూడా వాయించిన చోటు. చిన్న గది, బల్లలు తక్కువ, నిలబడటానికి సిద్ధపడి వెళ్లండి. వీలైతే ట్రాంబోన్‌కు దూరంగా చోటు చూసుకోండి, లేకపోతే క్లారినెట్ సగమే అందుతుంది.

క్లారినెట్, సోప్రానో సాక్సఫోన్ రెండూ వాయించిన సిడ్నీ బెషేని వదిలేశావేమని అడుగుతారు. 1944లో బ్లూ నోట్ రికార్డుల కంపెనీకి క్లారినెట్ మీద చేసిన బ్లూ హొరైజన్ ఒక్కటి తెచ్చుకోండి, చాలు. మిగతా చాలావాటిలో పెత్తనం సోప్రానో సాక్సఫోన్‌ది, దాని సంగతి అది వాయించేవాళ్లు రాయాలి.