ఈసారి సర్వీసు చూసి కొన్న డిష్‌వాషర్

ఆరేళ్లు వాడిన పాత డిష్‌వాషర్ సంక్రాంతి ముందు రోజు, అరిసెలు వండిన మూకుడు లోపల పెట్టాక ఆగిపోయింది. పార్టు దొరకదన్నారు. అందుకే ఈసారి ధర కన్నా ముందు మా కూకట్‌పల్లికి రిపేరు మనిషి వస్తాడా అని కనుక్కుని, బాష్ 13 ప్లేస్ సెట్టింగుల (అంటే 13 మంది తిన్న కంచాలు, గ్లాసులు పట్టే) మోడల్ తీసుకున్నాం.

70 డిగ్రీల కడాయి ప్రోగ్రాంలో వేపుడు జిడ్డంతా పోతోంది. అడుగంటిన పాలగిన్నె మాత్రం ముందు నానబెట్టాల్సిందే. మాది బోరు నీళ్లు. నీళ్ల కాఠిన్యం తగ్గించడానికి మెషీన్‌లో పోసే ఉప్పు అయిపోయిందని లైటు వెలిగినా పట్టించుకోని వారం గాజు గ్లాసులన్నీ తెల్లగా మసకబారాయి, తప్పు నాదే! ఇనుప పెనం, ఇత్తడి చెంబులు ఇప్పటికీ చేత్తోనే తోముతున్నా. శబ్దం పక్క గదిలోకి రాదు. బోర్లించిన స్టీలు గిన్నెల అడుగున నీళ్లు నిలవడమొక్కటే చిరాకు.