బంగారం బ్యాంకులో పెట్టాలా, మూడు రూపాయల వడ్డీ కడుతూ పోవాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు చాలా తెలుగిళ్లలో బీరువాలో కాస్త బంగారం ఉంటుంది, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పూ ఉంటుంది.

నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 50,000 అప్పుకు నెలకు 1,500 వడ్డీకే పోతుంది. ఏడాదిలో 18,000 కట్టినా ప్రోనోటు మీద అసలు అలాగే ఉంటుంది. అదే నగ బ్యాంకులో కుదువ పెట్టి, 10 శాతం వడ్డీ అనుకున్నా, ఏడాదికి 5,000 అవుతుంది. మిగిలిన డబ్బు నెలనెలా అసలుకు కడితే అప్పు నిజంగా తగ్గుతుంది.

షావుకారు దగ్గర ఒక సుఖం ఉంది, కాదనను. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే కాగితాలు అడగడు. బ్యాంకులో గడువు దాటితే నోటీసిచ్చి వేలం వేస్తారు, ఆ టెన్షన్ ఉంటుంది. పుట్టింటి నగ గడప దాటితే మనసు చివుక్కుమనడమూ నిజమే.

అయినా నా మాట బ్యాంకే. తెచ్చిన డబ్బుతో ముందు షావుకారు బాకీ మొత్తం తీర్చండి. ప్రోనోటు చేతికి వచ్చాకే ఇంటికి రండి.