బెంగళూరులో చేట చెవుల సర్జరీ: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి వద్దు

జయనగర్‌లోనో కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో ఒక కాస్మెటిక్ క్లినిక్‌కి వెళ్లి చెవుల సంగతి అడిగితే చేతికొచ్చే కాగితం సాధారణంగా ఇలా ఉంటుంది: ఓటోప్లాస్టీ (బయటికి పొడుచుకొచ్చిన చెవుల్ని వెనక్కి సర్దే ఆపరేషన్), రెండు చెవులు, లోకల్ మత్తు, సుమారు రెండు గంటలు, అదే రోజు ఇంటికి. కింద ఒక మొత్తం. ఇది ఏ ఒక్క క్లినిక్ మీదా రివ్యూ కాదు, ఆ కాగితం మీద రివ్యూ. ఆపరేషన్‌గా చూస్తే ఇది మంచి సేవే. పెద్ద సర్జరీ కాదు, కోత చెవి వెనక దాక్కుంటుంది, సరిగ్గా చేస్తే తేడా జీవితాంతం ఉంటుంది. తేడా వచ్చేది ఆపరేషన్‌కి ముందు కొలతల దగ్గర, తర్వాత మొదటి రెండు రాత్రుల దగ్గర. ఆ రెండూ కాగితంలో కనిపించవు.

ముందు కొలతలు. చెవి బయటి అంచు నుంచి వెనకున్న ఎముక దాకా దూరం మామూలుగా పైన 10–12 మిల్లీమీటర్లు, మధ్యలో 16–18, కింద 20–22 ఉంటుంది. డాక్టర్ స్కేలు పట్టుకుని రెండు చెవులకీ ఈ మూడు చోట్లా కొలిచి రాసుకోవాలి. ఒక్క చెవే బయటికి ఉందని వచ్చినవాళ్లకి రెండో చెవికీ ఎంతో కొంత సవరణ అవసరమని చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. రెండు చెవుల మధ్య ఏ ఎత్తులోనైనా తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదన్నది సర్జన్లు పెట్టుకునే లక్ష్యం. కొలవకుండా ఈ లక్ష్యం ఎలా అందుతుంది? ఫోన్‌లో ఒక ఫొటో చూసి “చేసేద్దాం సార్” అనే కౌన్సెలర్ దగ్గర అడ్వాన్స్ కట్టొద్దు.

తర్వాత అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: నా చెవిలో లోపం మడతదా, గిన్నెదా? చెవి దొప్పలో బయటి అంచుకి లోపలగా ఒక మడత ఉండాలి. అది సరిగా ఏర్పడకపోతే పైభాగం చేటలా విచ్చుకుంటుంది. ఇక చెవి రంధ్రం చుట్టూ ఉన్న గిన్నెలాంటి భాగం లోతు ఎక్కువైతే, మడత బాగున్నా చెవి మొత్తం బయటికి తోసుకొస్తుంది. చాలామందిలో రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. మడతకి ఒక రకం కుట్టు, గిన్నెకి ఇంకో రకం. మొదటిది ముస్టార్డే కుట్టు, 1963 నాటిది. రెండోది ఫర్నాస్ కుట్టు, 1968 నాటిది. గిన్నెను వెనక్కి లాగి ఎముక మీది పొరకు బిగిస్తుంది. ఇది కొంచెం ముందుకు పడితే గిన్నె ముందుకు తిరిగిపోయి చెవి రంధ్రమే ఇరుకైపోతుంది. ఈ ప్రశ్నకి డాక్టర్ అద్దం ముందు కూర్చోబెట్టి వేలితో మడిచి చూపిస్తూ జవాబు చెబితే మంచి గుర్తు. “మా దగ్గర లేజర్ ఉందండీ” అన్నది జవాబు కాదు. చర్మాన్ని కత్తితో కోసినా లేజర్‌తో కోసినా, మడతను నిలబెట్టేది లోపలి కుట్టే.

పెద్దవాళ్ల విషయంలో ఒక తిరకాసుంది. చెవి అయిదారేళ్ల వయసుకే దాదాపు పూర్తి సైజుకి వచ్చేస్తుంది కాబట్టి ముప్పయ్యేళ్లకి చేయించుకున్నా ఆలస్యమేమీ కాదు. కానీ చెవికి ఆకారమిచ్చే మెత్తని ఎముకలాంటి మృదులాస్థి అప్పటికి బిరుసెక్కుతుంది. పచ్చి తాటాకును మడిచి దారం కడితే అలాగే ఉంటుంది, ఎండుటాకు దారాన్నే కోసుకుంటూ తెరుచుకుంటుంది. పిల్లలకి కుట్లతోనే పని అయిపోయే చోట, పెద్దలకి మృదులాస్థిని గీతలు పెట్టో పలచన చేసో ముందు లొంగదీయాల్సి రావచ్చు. గీత పెట్టిన వైపు ఉబ్బి, రెండో వైపుకి వంగడం దాని గుణం. 1958లో గిబ్సన్, డేవిస్ అనే పరిశోధకులు ఇది చూపించాక సర్జన్లు దాన్నే వాడుకుంటున్నారు. గీతలు ఎక్కువైతే నున్నగా ఉండాల్సిన మడత కత్తి అంచులా తేలి, దూరం నుంచే ‘ఆపరేషన్ చెవి’ అని తెలిసిపోతుంది. అది తిరిగి సరిచేయడం మొదటిసారి కంటే కష్టం.

అందుకే “కోత లేకుండా, సూది రంధ్రాల్లోంచి దారం వేసి అరగంటలో” అనే ప్యాకేజ్‌లకి మా మార్కులు తక్కువ. మెత్తని చెవికి, తక్కువ లోపానికి అది సరిపోవచ్చు. బిరుసు చెవిని లొంగదీయకుండా దారంతో మాత్రం లాగితే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికి రావచ్చు, లేదా దారం చర్మంలోంచి బయటికి పొడుచుకురావచ్చు. ఇక ఆన్‌లైన్‌లో దొరికే చెవి స్టిక్కర్లు పెళ్లి ఫొటో దాకా పనికొస్తాయి, పీకేశాక చెవి యథాస్థానానికి వెళుతుంది. అచ్చు పెట్టి చెవి ఆకారం మార్చడం పుట్టిన తొలివారాల్లోనే సాధ్యం. తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల అప్పుడు మృదులాస్థి మైనంలా ఉంటుంది.

ఆపరేషన్ రోజు గురించి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. గుండె కోసం వాడేవైతే మీ అంతట మీరు ఆపకూడదు, రాసిన డాక్టర్ని అడగాలి. సిగరెట్టు కొన్ని వారాల ముందే ఆపాలి, చర్మానికి రక్తం అందకపోతే కుట్టు దగ్గర నల్లబడుతుంది. మత్తు సూది వేయకముందే, మీరు కూర్చుని ఉండగా, పెన్నుతో గుర్తులు పెట్టాలి. సూది మందుకి చెవి ఉబ్బాక కొలతలు అబద్ధం చెబుతాయి. మత్తు లిగ్నోకెయిన్, అందులో రక్తస్రావం తగ్గించడానికి అడ్రినలిన్ కలుపుతారు. ఇలా కలిపినప్పుడు హద్దు కిలోకి 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు, అంటే 1 శాతం మందు 42 మిల్లీలీటర్లు. రెండు చెవులకీ మామూలుగా అంత పట్టదు, కాబట్టి లోకల్ మత్తుకి భయపడక్కర్లేదు. మంట మొదటి సూదుల దగ్గరే. ఆ తర్వాత నొప్పి ఉండదు గానీ శబ్దం ఉంటుంది. పని జరిగేది చెవి మీదే కాబట్టి గీకుడు, దారం లాగుడు అన్నీ వినిపిస్తాయి. ఇది ముందు చెప్పకపోతే బల్ల మీద బెంబేలెత్తిపోతారు. అది పడదనుకుంటే తేలిక నిద్రమందు కలపమని అడగండి, అయితే అప్పుడు మత్తు డాక్టర్ తప్పకుండా గదిలో ఉండాలి, ఖర్చూ పెరుగుతుంది.

కోత చెవి వెనక మడతలో పడుతుంది. చర్మం ముక్క కొంచెమే తీయాలి. చర్మాన్ని బిగించి చెవిని వెనక్కి పట్టాలని చూస్తే మచ్చ సాగుతుంది, లేదా గడ్డకడుతుంది. పట్టు మృదులాస్థి కుట్లలోనే ఉండాలి. అవి సాధారణంగా 4-0 సైజు కరగని దారంతో మూడు నాలుగు వేస్తారు. తెల్లదో రంగులేనిదో మేలు, ముదురు రంగు దారం పలచని చర్మంలోంచి కనిపించే వీలుంది. ముడుల మీద లోపలి పొరను కప్పి మూస్తే అవి తర్వాత బయటికి రావడం తగ్గుతుంది. “ముడుల మీద ఏం కప్పుతారు?” అని అడిగి చూడండి. రోజూ ఈ పని చేసే డాక్టర్ కళ్లలో కొంచెం ఉత్సాహం కనిపిస్తుంది.

కుట్లన్నీ చెవి మధ్యలోనే బిగిస్తే నడుము లోపలికి పోయి, పైభాగమూ తమ్మె బయటికి నిలుస్తాయి. ఎదురుగా చూస్తే పాత ల్యాండ్‌లైన్ రిసీవర్‌లా ఉంటుంది. దీనికి టెలిఫోన్ చెవి అనే పేరే ఉంది. తమ్మె కూడా బయటికి ఉన్నవాళ్లకి దాన్నీ సవరించాలి, అది ప్యాకేజ్‌లో ఉందో లేదో ముందే రాయించుకోవాలి.

ఇక ఆ రెండు రాత్రులు. రెండు చెవులూ సమానంగా సలుపుతూ, పారాసెటమాల్‌కి తగ్గుతూ ఉంటే అది మామూలే. ఒక చెవి మాత్రం గంట గంటకీ ఎక్కువ నొప్పెడుతూ, కట్టు బిగుసుకుపోతున్నట్టు అనిపిస్తే లోపల రక్తం చేరుతోందేమో అనుకోవాలి. అప్పుడు గట్టి మాత్ర వేసుకుని పడుకోకూడదు, కట్టు విప్పి చూడాలి. మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు, పైపొర నుంచే ఆహారం అందుతుంది. మధ్యలో రక్తం నిలిస్తే ఆ దారి మూసుకుపోయి, కుస్తీ పట్టేవాళ్ల చెవిలా ముద్దకడుతుంది. కాబట్టి డబ్బు కట్టేముందు అడగాల్సింది: రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, ఎక్కడికి రమ్మంటారు? రిసెప్షన్ నంబరు, వాట్సాప్ బాట్ లెక్కలోకి రావు. పగలు మాత్రమే తెరిచే క్లినిక్ అయితే వాళ్లకి ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉందో తెలియాలి. మారతహళ్లిలో ఉంటూ జయనగర్‌లో చేయించుకునేవాళ్లు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌ని కూడా లెక్కలో వేసుకోవాలి.

అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు ఆ రాత్రే స్లీపర్ బస్సు ఎక్కేస్తామంటారు. వద్దు. బెర్తులో చెవి మీద ఒత్తిడి పడకుండా పడుకోవడం కుదరదు, నొప్పి పెరిగితే దారి మధ్యలో దిగి చూపించుకోవడానికీ ఎవరూ ఉండరు. క్లినిక్‌కి దగ్గరగా రెండు రాత్రులు గది తీసుకుని, మొదటిసారి కట్టు విప్పి చూశాకే బయల్దేరండి.

మూడో రోజు తర్వాత దొప్ప ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే భరించలేని నొప్పి వస్తే మృదులాస్థి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చిందేమో చూపించుకోవాలి. మృదులాస్థి లేని తమ్మె మామూలుగా ఉండటం దీనికి గుర్తు. దీని వెనక తరచూ ఉండేది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. మెడికల్ షాపులో ఇచ్చే అమాక్సిసిలిన్‌కి అది లొంగదు, సొంత వైద్యంతో పోయిన రెండు రోజుల్లో చెవి ఆకారమే పోవచ్చు.

పెద్ద కట్టు తీశాక టెన్నిస్ ఆటగాళ్లు పెట్టుకునే లాంటి హెడ్‌బ్యాండ్ వస్తుంది. మొదట పగలూ రాత్రీ, తర్వాత రాత్రుళ్లు, మొత్తం ఆరు వారాల దాకా. నిద్రలో చెవి ముందుకు మడవకుండా కాపాడటమే దాని పని. బిగుతుగా ఉంటే చర్మం పుండవుతుంది, కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి.

బెంగళూరులో అసలు చిక్కు హెల్మెట్. ఇక్కడ బండి నడిపేవాళ్లకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకీ అది తప్పనిసరి. ముఖమంతా కప్పే హెల్మెట్ తీసేటప్పుడు చెవుల్ని కింద నుంచి పైకి ఈడ్చుకుపోతుంది. కుట్లకి ఇంతకంటే పరీక్ష ఉండదు. ఆరు వారాలు మెట్రోకో ఆఫీసు క్యాబ్‌కో మారడం ఖర్చులో భాగమే అనుకోండి. హెల్మెట్ లేకుండా బండి నడపడం మాత్రం పరిష్కారం కాదు. చెవి మీద నొక్కే హెడ్‌సెట్ బదులు కొన్నాళ్లు స్పీకర్‌లో మాట్లాడుకోవాలి. కళ్లద్దాల కాడ సరిగ్గా కుట్టు దగ్గరే ఆనుతుంది, కింద మెత్తని గాజుగుడ్డ పెట్టాలి. గాయం పూర్తిగా మానేదాకా తలకి నూనె వద్దు. తిరుపతి మొక్కు ఉన్నవాళ్లు గుండు ముందే చేయించుకుని రావడం నయం, కత్తి కొత్త మచ్చ మీద నడవకూడదు. (తన చెవులు ఇంత పెద్దవని మనవాళ్లలో చాలామందికి మొదట తెలిసేది గుండుతోనే కదా.)

మచ్చ విషయం. మన చర్మానికి కీలాయిడ్ గడ్డలు వచ్చే ధోరణి ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట, ఛాతీ మీద, పాత గాయం దగ్గర అలాంటి గడ్డ వచ్చిన చరిత్ర ఉంటే మొదటి మాటగా చెప్పాలి. వచ్చాక ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, సిలికాన్ షీట్లు, ఒత్తిడి క్లిప్పులతో నెలల తరబడి పని. అసలు చేయించుకోవద్దని చెప్పే డాక్టర్ ఉంటే ఆయన మాట వినండి.

బుట్టలూ మాటీలూ మోసి తమ్మె తెగినవాళ్లది వేరే పని, చాలా తేలిక. అంచులు తాజాగా కోసి, 5-0 లేదా 6-0 దారంతో కుట్టి, వారానికి తీస్తారు. అంచున నొక్కు పడకుండా కోతను వంకరగా వేయడం నేర్పరితనం. చెవి తమ్మెలు అతికే పద్ధతులు సుశ్రుతుడే పదిహేను చెప్పాడు, మనకిది కొత్త విద్యేం కాదు. పోగుల కోసం మళ్లీ చెవి కుట్టించుకోవడం కనీసం రెండు మూడు నెలల తర్వాతే, అదీ పాత మచ్చ మీద కాదు, పక్కన. పార్లర్లలో కుట్లు లేకుండా ఆసిడ్ పూసి, జిగురు పెట్టి పూడ్చేది చిన్న రంధ్రానికి ఒక్కోసారి నిలుస్తుంది. పూర్తిగా తెగిన తమ్మెకి దాన్ని నమ్ముకోవద్దు.

డబ్బు లెక్క. అందం కోసం చేసే సర్జరీ మీద జీఎస్టీ ఉంది, చెప్పిన ప్యాకేజ్‌కి పైన అదెంత పడుతుందో అడగండి. పుట్టుకతో వచ్చిన లోపాన్నో దెబ్బనో సరిచేయడానికైతే మినహాయింపు ఉంటుంది. తెగిన తమ్మెకి, పుట్టుకతో ఉన్న చెవి లోపానికి ఏ పద్దులో బిల్లు వేస్తారో ముందే అడిగి, డాక్టర్ రాతలో ఉంచుకోండి. ఆరోగ్య బీమా అందం కోసం చేసేదానికి ఇవ్వదు. కొటేషన్‌లో ఆపరేషన్ గది, మత్తు, దారాలు, హెడ్‌బ్యాండ్, కట్టు మార్చడం, కుట్లు తీయడం విడివిడిగా కనిపించాలి. ఒక చెవి మళ్లీ బయటికొస్తే సవరణకి డాక్టర్ ఫీజు ఉండదా, గది అద్దె మాత్రమే కట్టాలా, ఎన్ని నెలల్లోపు? ఈ ఒక్క వాక్యం రాసివ్వడానికి జంకే చోటికి మేమైతే పంపం.

డాక్టర్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, ఈఎన్‌టీ అయితే చెవి దొప్ప సర్జరీలు చేస్తున్నారా, మెడికల్ కౌన్సిల్ నమోదు సంఖ్య ఎంత అని అడగడం అమర్యాదేమీ కాదు. కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రులకి కేపీఎంఈ (రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల చట్టం) కింద నమోదు ఉండాలి, ఆ సర్టిఫికెట్ గోడ మీద వెతకండి. సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో ఉంటే ఒక రోజు ముందే తెచ్చుకుని ఇంట్లో చదవండి. తెలుగు మాట్లాడే సిబ్బంది ఉంటే ‘కాంప్లికేషన్స్’ అన్న పేరా తెలుగులో చెప్పించుకోండి.

చివరగా, గోడ మీద ముందు–తర్వాత ఫొటోలు. జుట్టు వెనక్కి కట్టి, ఎదురు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి తీసినవే చూడండి. కట్టు విప్పిన వారం ఫొటోలో చెవి ఎలాగూ తలకి అంటుకుపోయినట్టే ఉంటుంది, తర్వాత వాపు తగ్గి కొద్దిగా బయటికి వస్తుంది. ఆరు నెలలకి తీసిన ఫొటోలు చూపించమని అడగండి.