బరువు లాగే పికప్‌కు ఏ పెట్రోలు ఇంజిన్? నాలుగు వీ8ల సమీక్ష

అమెరికాలో అమ్మే హెవీ డ్యూటీ పికప్ ట్రక్కు కిటికీ అద్దానికి అంటించిన ధరల కాగితంలో మైలేజీ అంకె కనిపించదు. మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటిన ట్రక్కులకు ఆ అంకెను ప్రకటించాలన్న నిబంధన వర్తించదు. కాబట్టి కొనేవారికి కనిపించేవి హార్స్‌పవర్, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) అనే రెండు అంకెలే. షోరూములో సేల్స్‌మన్ వల్లె వేసేవీ అవే. ఆ రెండింటినే నమ్ముకుని పెట్రోలు ఇంజిన్‌ను ఎంచుకోవడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. వెనుక ట్రెయిలర్ తగిలించి ఎక్కుడు దారి పట్టిన తరువాత ఇంజిన్ ఎంత పని చేయగలదన్నది దాని వెనుక ఉన్న గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలన్న అంకె) కలిసి తేలుస్తాయి. ఈ సమీక్షలో ఇంజిన్లను వాటితో కలిపే తూచాను.

అసలు డీజిల్ వద్దా అన్న ప్రశ్నను ముందుగా తేల్చుకోవాలి. డీజిల్ ఇంజిన్ కావాలంటే ధర సుమారు 10,000 డాలర్లు పెరుగుతుంది. ఏడాదికి 15,000 మైళ్లు నడిపే వ్యక్తికి పెట్రోలు ట్రక్కు గ్యాలన్‌కు 12 మైళ్లు, డీజిల్ ట్రక్కు 16 మైళ్లు ఇస్తాయనీ, గ్యాలన్ పెట్రోలు 3.25 డాలర్లు, డీజిల్ 3.75 డాలర్లు అనీ అనుకుందాం. పెట్రోలుకు సుమారు 4,060 డాలర్లు, డీజిల్‌కు సుమారు 3,515 డాలర్లు ఖర్చవుతాయి. ఏటా మిగిలే 550 డాలర్లతో మొదట్లో పెట్టిన 10,000 డాలర్లు తిరిగి రావడానికి 18 ఏళ్లు పడుతుంది. పొగ శుభ్రపరిచే వ్యవస్థలో పోసే ద్రవం, ఖరీదైన ఇంధన ఫిల్టర్లు, వారంటీ దాటిన తరువాత వచ్చే మరమ్మతులు ఈ లెక్కలోకి రానే లేదు. ఏడాదంతా కొండ ప్రాంతాల్లో 15,000 పౌండ్లకు మించిన బరువు లాగేవారు డీజిల్ తీసుకోవడమే న్యాయం. వారాంతాల్లో ట్రెయిలర్, మిగతా రోజుల్లో పనిముట్లు, చలికాలంలో మంచు తోసే నాగలి అన్నట్టుగా వాడేవారికి పెట్రోలు చాలు. పెట్రోలు ఇంజిన్ తేలిక కావడం వల్ల ముందు యాక్సిల్ మీద మిగిలే బరువు నాగలికి అక్కరకొస్తుంది కూడా.

ఇక రంగంలో ఉన్నవి నాలుగు: ఫోర్డ్ 6.8 లీటర్లు, ఫోర్డ్ 7.3 లీటర్లు, జనరల్ మోటార్స్ 6.6 లీటర్లు, రామ్ 6.4 లీటర్ల హెమీ. నాలుగూ వీ8లే, అంటే ఎనిమిది సిలిండర్లను వీ ఆకారంలో అమర్చినవే; నాలుగింటికీ పోత ఇనుప బ్లాకే, దేనికీ టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేదు, నాలుగింటిలోనూ క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉండి పుష్‌రాడ్‌ల ద్వారా వాల్వులను తెరుస్తుంది. చిన్న పికప్‌లలో టర్బోలు, హైబ్రిడ్‌లు వచ్చిన కాలంలో ఇది పాతకాలపు పద్ధతిలా అనిపించవచ్చు గానీ, గంటల తరబడి నిండు బరువుతో పనిచేయాల్సిన ఇంజిన్‌కు ఈ సరళతే బలం.

వీటిలో నా మొదటి ఎంపిక ఫోర్డ్ 7.3. 2020 మోడల్‌తో ఫోర్డ్ హెవీ డ్యూటీ ట్రక్కు సూపర్ డ్యూటీలోకి వచ్చిన ఈ ఇంజిన్‌ను ట్రక్కులవాళ్లు గాడ్జిల్లా అని పిలుస్తారు. సిలిండర్ వ్యాసం 107.2 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 101 మిల్లీమీటర్లు, ఫోర్జ్ చేసిన ఉక్కు క్రాంక్‌షాఫ్ట్, పిస్టన్ల అడుగు భాగాన్ని నూనె చిమ్మి చల్లబరిచే జెట్‌లు, సిలిండర్‌కు రెండే వాల్వులు. మొదట్లో 430 హార్స్‌పవర్, 475 పౌండ్-ఫీట్ టార్క్ ఇచ్చేది. 2023 నుంచి టార్క్ 485కు పెరిగింది. ఇంత పెద్ద ఇంజిన్ నుంచి ఇంతేనా అని కొందరు పెదవి విరుస్తారు. తక్కువ పిండుకోవడమే ఇక్కడి మర్మం. ఇంధనాన్ని సిలిండర్‌లోకి నేరుగా కాకుండా ఇన్‌టేక్ పోర్టులోకి చిమ్మడం వల్ల ఇన్‌టేక్ వాల్వులను పెట్రోలు ఎప్పటికప్పుడు కడుగుతూనే ఉంటుంది. మసి పేరుకునే బెడద తక్కువ. అధిక పీడన ఇంధన పంపు లేదు. టైమింగ్ చెయిన్ పొట్టిది. 87 ఆక్టేన్ మామూలు పెట్రోలుతో పని జరిగిపోతుంది. బానెట్ ఎత్తి చూస్తే చేయి పట్టేంత ఖాళీ కనిపిస్తుంది. సొంతంగా సర్వీసు చేసుకునేవారికి ఆ ఖాళీ విలువ బాగా తెలుసు. అన్నట్టు, పాత ట్రక్కుల ప్రకటనల్లో 7.3 అన్న అంకె చూడగానే ఇదే అనుకోకూడదు. 1994 నుంచి 2003 దాకా ఫోర్డ్ అమ్మిన 7.3 పవర్ స్ట్రోక్ డీజిల్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు.

6.8 ఇంజిన్ ఈ 7.3కు తమ్ముడే. 2023లో పాత 6.2 స్థానంలో వచ్చింది, స్ట్రోక్ తగ్గించారు, 405 హార్స్‌పవర్, 445 పౌండ్-ఫీట్ ఇస్తుంది. ఎప్పుడూ ఖాళీగానో, చిన్న ట్రెయిలర్‌తోనో తిరిగే ట్రక్కుకు ఇది సరిపోతుంది. అయితే రెండింటి మధ్య మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు కాబట్టి, ధరలో తేడా భరించగలిగితే 7.3 వైపే మొగ్గమంటాను. తిరిగి అమ్మేటప్పుడు కూడా కొనేవారు ముందు అడిగేది 7.3నే.

జనరల్ మోటార్స్ 6.6 విషయం కొంత వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇంజిన్ ఒకటే అయినా ఏ సంవత్సరం ట్రక్కు అన్నదాన్ని బట్టి అనుభవం పూర్తిగా మారిపోతుంది. 2020 మోడల్‌తో సిల్వరాడో, సియెరా హెచ్‌డీలలోకి వచ్చిన ఈ ఇంజిన్ 401 హార్స్‌పవర్, 464 పౌండ్-ఫీట్ ఇస్తుంది. దీనికి ముందున్న 6.0 లీటర్ల వోర్టెక్ 360 హార్స్‌పవర్, 380 పౌండ్-ఫీట్‌లతోనే ఏళ్ల తరబడి గట్టిగా నిలిచింది కానీ లాగేటప్పుడు ఆయాసపడేది. ఆ లోటును 6.6 తీర్చింది. చిక్కు గేర్‌బాక్సులో వచ్చింది. 2023 దాకా దీనికి ఆరు గేర్ల ఆటోమేటిక్‌నే జత చేశారు. అందులో రెండో గేరు రేషియో 2.36, మూడోది 1.53. ఎక్కుడు దారిలో రెండో గేరులో 4,500 ఆర్‌పీఎం దగ్గర హాయిగా లాగుతున్న ఇంజిన్, మూడో గేరు పడగానే 2,900 దగ్గరికి జారిపోతుంది. అక్కడ వాలును గెలిచేంత శక్తి ఉండదు, వేగం తగ్గుతుంది, మళ్లీ రెండో గేరు పడుతుంది, మళ్లీ అరుపు. పది మైళ్ల ఘాట్ రోడ్డు మీద ఈ దోబూచులాట డ్రైవర్‌ను ఇంజిన్ కన్నా ముందే అలసిపోయేలా చేస్తుంది. 2024లో అల్లిసన్ పేరున్న పది గేర్ల ఆటోమేటిక్ పెట్రోలు ట్రక్కులకూ రావడంతో ఈ ఇబ్బంది పోయింది. కాబట్టి 6.6 ఇష్టపడేవారు 2024 గానీ ఆ తరువాతి మోడల్ గానీ చూసుకోవాలి. ఒక్క విషయం మాత్రం మారలేదు: ఇది నేరుగా సిలిండర్‌లోకే ఇంధనం చిమ్మే ఇంజిన్. శక్తికి అది మేలే చేస్తుంది గానీ, ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే మసిని కడగడానికి అక్కడికి పెట్రోలు చేరదు. సిలిండర్లను మధ్యమధ్యలో ఆపేసే ఏర్పాటు దీనిలో లేకపోవడం, నా దృష్టిలో, మెచ్చుకోదగ్గ నిర్ణయం.

హెమీ 2014లో రామ్ హెవీ డ్యూటీలోకి వచ్చింది. 2024 దాకా 410 హార్స్‌పవర్, 2025 నుంచి 405; టార్క్ 429 పౌండ్-ఫీట్. సిలిండర్‌కు రెండేసి చొప్పున పదహారు స్పార్క్ ప్లగ్‌లు. అవసరం లేనప్పుడు నాలుగు సిలిండర్లను ఆపేసే వ్యవస్థ. 2019 నుంచి చాలా నేర్పుగా మారే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ఖాళీ ట్రక్కును నడపడంలో ఉన్న హాయి, కాయిల్ స్ప్రింగులున్న రామ్ 2500 మోడల్ వెనుక సస్పెన్షన్ సాఫీతనం వీటన్నిటిలోనూ మిన్న. కానీ 87తో నడిచినా 89 ఆక్టేన్ వాడమని కంపెనీయే సిఫారసు చేస్తుంది. క్యామ్‌షాఫ్ట్ కదలికను వాల్వులకు అందించే లిఫ్టర్ల రోలర్లు అరిగి క్యామ్‌షాఫ్ట్‌ను గీకేయడం హెమీ కుటుంబంలో మెకానిక్‌లందరికీ తెలిసిన జబ్బే. ట్రక్కు కదలకుండా ఇంజిన్‌ను ఎక్కువసేపు ఐడిల్‌లో వదిలేయడమే కారణమని కొందరంటారు, సిలిండర్లు ఆపే వ్యవస్థ మీదికి నెపం నెట్టేవారు కొందరు. ఏదైనా, రోజంతా పనిస్థలంలో ఇంజిన్ ఆపకుండా నిలబెట్టే అలవాటున్నవారికి నేను హెమీని సూచించను.

ఇప్పుడు టార్క్ అంకెలను మరో రకంగా చూద్దాం. ఈ ఇంజిన్ల గరిష్ఠ టార్క్ వచ్చేది 4,000 ఆర్‌పీఎం దగ్గర. ఆ వేగంలో 7.3 చేతికిచ్చే శక్తి సుమారు 369 హార్స్‌పవర్, 6.6 ఇచ్చేది 353, 6.8 ఇచ్చేది 339. హెమీ ఇచ్చేది 327. బ్రోషర్ అంకెల్లో 6.6 కన్నా పైనున్నట్టు కనిపించే హెమీ, నిజంగా లాగే చోట 26 హార్స్‌పవర్ వెనుకబడుతుంది. దీనికి యాక్సిల్ రేషియోను కలపాలి. రామ్‌లో 3.73, 4.10, ఫోర్డ్ 7.3తో 4.30 దాకా దొరుకుతాయి. హెమీని 3.73తో కొని లాగుడు బాగాలేదని విసుక్కునేవారు 4.10 ఉన్న ట్రక్కును ఒకసారి నడిపి చూడాలి. అదే ఇంజిన్‌కు చక్రాల దగ్గర బలం దాదాపు పదో వంతు పెరుగుతుంది. 7.3కు 4.30 తీసుకుంటే ఖాళీగా వెళ్లేటప్పుడు మైలేజీ కాస్త తగ్గుతుందన్నది నిజమే, కానీ తరచూ బరువు లాగేవారికి ఆ బేరం గిట్టుబాటే. కొన్న తరువాత యాక్సిల్ గేర్లు మార్పించడం, ముఖ్యంగా ముందూ వెనుకా మార్చాల్సిన ఫోర్ వీల్ డ్రైవ్‌లో, వేల డాలర్ల పని.

పెట్రోలు ట్రక్కు కొత్తగా కొన్నవారు మొదట భయపడేది శబ్దానికి. ఎక్కుడులో 4,500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ అరుస్తుంటే ఏదో చెడిపోతోందని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తారు. అక్కర్లేదు, అది దాని పని చోటు. బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మీట నొక్కి, గేర్‌బాక్సును తన మానాన తనను వదిలేయాలి. పికప్‌ల టోయింగ్ (బరువు లాగే) అంకెలకు ఆధారమైన, వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ వారి జే2807 ప్రమాణంలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడును నిండు బరువుతో, ఏసీ పూర్తిగా వేసి, వెనుక ఇరువైపులా ఒక్కో చక్రమే ఉన్న ట్రక్కయితే గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఎక్కాలి. అంటే ప్రకటించిన గరిష్ఠ బరువుతో 65 మైళ్ల వేగంతో కొండ ఎక్కుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఎత్తు సంగతి వేరు. టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. కొలరాడోలో ఐ-70 హైవే మీద 11,000 అడుగులకు పైగా ఎత్తులో ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం చేరేసరికి 430 హార్స్‌పవర్‌లో మిగిలేది సుమారు 290. అక్కడ కుడి లేన్‌లో లారీల వెనుక ఓపికగా వెళ్లడం తప్పదు. దిగేటప్పుడు డీజిల్‌కు ఉన్న ఎగ్జాస్ట్ బ్రేకు వంటిది పెట్రోలుకు లేదు; దిగుడు మొదలయ్యే ముందే వేగం తగ్గించి, కింది గేరును పట్టుకుని దిగాలి.

పెట్రోలు వైపు తూకం మొగ్గే మరో చోటు డ్రైవర్ తలుపు పక్కనుండే పసుపు, తెలుపు స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో దాని మీదే ఉంటుంది. ట్రక్కు తొట్టిలోని హిచ్‌కు తగిలించే 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్‌ను తీసుకుంటే, దాని బరువులో 20 శాతం, అంటే 2,400 పౌండ్లు నేరుగా ట్రక్కు మీద కూర్చుంటాయి. నలుగురి కుటుంబానికి 600, హిచ్‌కు 150 కలిపితే 3,150. ముప్పావు టన్ను అని పిలిచే 2500, ఎఫ్-250 తరగతి డీజిల్ ట్రక్కుల్లో చాలావాటి స్టిక్కర్ ఇంత మోయలేనంటుంది. అదే ట్రక్కు పెట్రోలు ఇంజిన్‌తో, సరైన ట్రిమ్‌లో (హంగుల స్థాయిలో) మోస్తుంది. సేల్స్‌మన్ నోటి మాట పక్కనపెట్టి, కొనబోయే ట్రక్కు తలుపే తెరిచి చదువుకోవాలి. సన్‌రూఫ్, తోలు సీట్లు చేరిన కొద్దీ ఆ అంకె కరిగిపోతుంది.

వాడిన ట్రక్కు చూసేటప్పుడు ఓడోమీటర్‌తో పాటు ఇంజిన్ గంటల మీటర్‌ను కూడా తెరిచి చూడాలి. 60,000 మైళ్లకు 4,000 గంటలు చూపిస్తే సగటు వేగం గంటకు 15 మైళ్లన్నమాట. ఆ ఇంజిన్ జీవితంలో చాలా భాగం ఐడిల్‌లోనే గడిచింది. 60,000 మైళ్లకు 1,800 గంటలున్న ట్రక్కు దానికన్నా చాలా తక్కువ అరిగి ఉంటుంది. అమ్మేవారిని ముందే అడిగి, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి. టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కిన కొద్ది నిమిషాల్లో మాయమైతే, చాలావరకు అది విరిగిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు దగ్గర పొగ జారుతున్న చప్పుడే. లోహం వ్యాకోచించి సందు మూసుకోవడంతో ఆగిపోతుంది. కొన్ని వందల డాలర్లు మొదలుకొని, బోల్టు మొదలు హెడ్‌లోనే విరిగిపోతే అంతకు చాలా ఎక్కువ ఖర్చయ్యే పని అయినా, బేరమాడుకోవచ్చు. వేడెక్కిన తరువాత కూడా ఆ చప్పుడు ఆగకుండా ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతుంటే లిఫ్టర్లను అనుమానించి, ధర ఎంత తగ్గించినా ఆ ట్రక్కును వదిలేయడమే మంచిది.